సరళత, వెసులుబాటు: కంప్యూటరు రాతలో గుర్తుల సంగతి

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



అచ్చుకూటాలలో సీసపు అక్షరాలు పేర్చిన రోజులలో రచయిత రాతప్రతి కంపోజిటరు చేతికి చేరేముందు ఎవరో ఒకరు దాని మీద గుర్తులు పెట్టేవారు. ఇది శీర్షిక, ఈ మాట లావు అక్షరాలలో రావాలి, ఇక్కడ కొత్త పేరా, ఈ పద్యానికి ఎడమవైపు జాగా వదలాలి అని ఎర్రసిరాతో అంచులలో సూచించేవారు. ఆ గుర్తులు పాఠంలో భాగం కావు. పాఠం ఎలా కనబడాలో చెప్పే ఆదేశాలు మాత్రమే. ఈ పనికి ఆంగ్లేయులు పెట్టిన పేరే మార్కప్. కంప్యూటరు వచ్చాక ఎర్రసిరా పోయింది గాని గుర్తుల అవసరం పోలేదు. పైగా కొత్త ఇబ్బంది వచ్చిపడింది. కాగితానికి అంచు ఉన్నది, సిరాకు వేరే రంగు ఉన్నది. టైపు చేసిన పాఠానికి ఆ రెండూ లేవు. గుర్తును కూడా పాఠం నడుమనే, అదే కీబోర్డు మీద, అవే అక్షరాలతో రాయవలసి ఉంటుంది. గుర్తులు కొద్దిగా ఉంటే ఎవరైనా నేర్చుకోగలరు, కాని కోరినదల్లా చేయించలేరు. గుర్తులు పెరిగితే ఏదైనా చేయించవచ్చు, కాని పాఠం గుర్తుల కింద పూడిపోతుంది. ఈ రెంటి నడుమ ఎక్కడ ఆగాలన్న ప్రశ్నకు అరవై ఏళ్ళ చరిత్ర ఉన్నది. తెలుగులో టైపు చేసేవారికి ఆ ప్రశ్న మరికొంత భిన్నంగా ఎదురవుతున్నది.

1964లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో జెరోమ్ సాల్ట్‌జర్ రూపొందించిన రనాఫ్ ఈ జాతి ప్రోగ్రాములలో తొలితరానికి చెందినది. అందులో చుక్కతో మొదలయ్యే పంక్తి పాఠం కాదు, యంత్రానికి ఆజ్ఞ. 1969లో ఐ.బి.ఎం. సంస్థలో గోల్డ్‌ఫార్బ్, మోషర్, లోరీ అనే ముగ్గురు కలిసి తమ ఇంటిపేర్ల తొలి అక్షరాలు వచ్చేటట్లుగా జి.ఎం.ఎల్. అనే పద్ధతిని కల్పించారు. మాట ఎలా కనబడాలో చెప్పడం కాదు, అది ఏమిటో చెప్పాలి అన్నది వారి సూత్రం. శీర్షికను శీర్షిక అని చెబితే చాలు, లావో సన్నమో తరువాతి సంగతి. ఆ సూత్రమే 1986లో ఎస్.జి.ఎం.ఎల్. పేరుతో అంతర్జాతీయ ప్రమాణమై, దాని ఒరవడిలోనే టిమ్ బెర్నర్స్-లీ రూపొందించిన హెచ్.టి.ఎం.ఎల్. ద్వారా లోకమంతటా పరచుకున్నది. మరొక దారిలో, తన గ్రంథపు కొత్త కూర్పు ప్రూఫులు చూసి అసంతృప్తి చెందిన డోనాల్డ్ నూత్ 1977లో టెక్ అనే అక్షరకూర్పు వ్యవస్థను తలపెట్టాడు. గణిత సమీకరణాల ముద్రణలో ఈనాటికీ దానిదే అగ్రస్థానం.

ఇవన్నీ మహాశక్తిమంతాలే. అయితే మూడు అంశాల చిన్న జాబితాను హెచ్.టి.ఎం.ఎల్.లో నియమం తప్పకుండా రాస్తే తెరిచే ముద్రలు, మూసే ముద్రలు కలిపి ఎనిమిది అవుతాయి. మూడు మాటలకు ఎనిమిది ముద్రలు! ఇల్లాలు వంటింటి సరుకుల పట్టీ రాసుకోవడానికి దస్తావేజు లేఖరిని పిలిచినట్లుంటుంది.

తేలిక గుర్తుల పద్ధతులు ఈ బరువుకు సమాధానంగా పుట్టాయి. 1995 మార్చిలో వార్డ్ కన్నింగ్‌హామ్ అనే అమెరికన్ ప్రోగ్రామరు వికీ అనే వ్యవస్థను ప్రారంభించాడు. చదివేవారే దిద్దగల పుటలు అవి. ఒక పుట నుండి మరొక పుటకు లంకె వేయడానికి ఆయన పెట్టిన నియమం చూడడానికి అతి సరళమైనది. రెండు మాటలను ఖాళీ లేకుండా కలిపి, ప్రతి మాట మొదటి అక్షరాన్నీ పెద్దబడిలో రాస్తే అదే లంకె అవుతుంది. ప్రత్యేకమైన గుర్తే అక్కరలేదు. 2001 జనవరిలో ఆరంభమైన వికీపీడియా కూడా తొలుత ఈ పద్ధతినే అనుసరించింది.

ఆ సరళత ఆంగ్లానిది. పెద్దబడి, చిన్నబడి అనే భేదం లేని లిపిలో అది అడుగైనా వేయలేదు. తెలుగులో ఏ అక్షరాన్ని పెద్దబడిలో రాయడం? ఆంగ్లంలోనే ఒంటిమాట శీర్షికలకు ఆ నియమం ఇబ్బంది కావడంతో, కొద్దికాలానికే వికీపీడియా జంట చదరపు బ్రాకెట్లను ప్రవేశపెట్టింది. లంకె కావలసిన మాటకు ముందు రెండు, వెనుక రెండు. రాసేవారికి నాలుగు కీల శ్రమ పెరిగింది. కాని ఆ నాలుగు బ్రాకెట్లు ఏ లిపిలోనైనా ఒకేలా పనిచేస్తాయి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలయ్యేనాటికి ఈ మార్పు జరిగి ఉండడం మేలయింది. ఇంకొక చిన్న ఏర్పాటు కూడా ఉన్నది. హైదరాబాదు అన్న మాటను బ్రాకెట్లలో పెట్టి, బయట వెంటనే ‘లో’ అని రాస్తే, చదివేవారికి ‘హైదరాబాదులో’ అన్న మొత్తం మాట లంకెగా కనబడుతుంది. ఆంగ్ల బహువచన ప్రత్యయాల కోసం చేసిన సౌకర్యాన్ని తెలుగు అక్షరాలకూ వర్తింపజేశారు. విభక్తి ప్రత్యయం మాటకు అతుక్కునే భాషకు ఇది చిన్న ఉపకారం కాదు.

ఇక నేడు అన్నిటికన్నా ఎక్కువగా వినబడే పేరు మార్క్‌డౌన్. 2004లో జాన్ గ్రూబర్ దీనిని వెలువరించాడు. ఆరన్ స్వార్ట్జ్ అనే యువకుడు ఇందులో ఆయనకు తోడ్పడ్డాడు. స్వార్ట్జ్‌కు అప్పటికి ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. 2013లో అకాలమరణం చెందాడు. గ్రూబర్ కొత్త గుర్తులు కనిపెట్టడానికి పూనుకోలేదు. సాదా ఈమెయిలు ఉత్తరాలలో జనం అప్పటికే అలవాటుగా వాడుతున్న గుర్తులనే ఏరుకున్నాడు. నొక్కి చెప్పవలసిన మాటకు అటూ ఇటూ నక్షత్రపు గుర్తు, జాబితా అంశానికి ముందు చిన్న గీత, శీర్షికకు ముందు హాష్ గుర్తు. యంత్రం తాకకపోయినా ఆ పాఠం హాయిగా చదువుకునేలా ఉండాలన్నది ఆయన పెట్టుకున్న నియమం. ఈ సభలోని తల్లిదండ్రులలో చాలామంది వాట్సాప్‌లో మాటకు ఇరువైపులా నక్షత్రం పెట్టి లావు అక్షరాలు తెప్పించి ఉంటారు. ఆ అలవాటు కూడా ఈ కుటుంబానిదే. అక్కడ ఒక నక్షత్రానికే లావు అక్షరం వస్తుంది, మార్క్‌డౌన్‌లో రెండు పెట్టాలి. ఇటువంటి దాయాది భేదాలు ఈ కుటుంబంలో ఎన్నో.

మొదటి మార్క్‌డౌన్‌లో పట్టికలు లేవు, అధోజ్ఞాపికలు లేవు. కావలసినవారు ఆ భాగాన్ని నేరుగా హెచ్.టి.ఎం.ఎల్.లోనే రాసుకోవచ్చునని గ్రూబర్ ఒక తలుపు తెరిచిపెట్టాడు. ఇది చాలా తెలివైన ఏర్పాటు. నూటికి తొంభై మంది ఎన్నడూ ఆ తలుపు దగ్గరకు పోరు, పోవలసినవారికి అది ఎప్పుడూ మూసి ఉండదు. ఇల్లు చిన్నదిగానే ఉండి, పెరటిగుమ్మం పొలంలోకి తెరుచుకున్నట్లన్నమాట. కాని వాడేవారు అంతటితో తృప్తిపడలేదు. ఒకరు పట్టికలు చేర్చారు, ఒకరు అధోజ్ఞాపికలు చేర్చారు, మరొకరు గణితం చేర్చారు. ఎవరి చేర్పు వారిదే కావడంతో ఒకే పాఠం ఒకచోట ఒకలా, మరొకచోట మరొకలా కనబడసాగింది. 2014లో జాన్ మెక్‌ఫార్లేన్, జెఫ్ ఆట్‌వుడ్ ప్రభృతులు పూనుకుని, ఒక కచ్చితమైన నిబంధనావళిని తయారుచేశారు. దానికి మొదట పెట్టిన పేరుకు గ్రూబర్ అభ్యంతరం చెప్పడంతో కామన్‌మార్క్ అని మార్చుకున్నారు. మెక్‌ఫార్లేన్ వృత్తిరీత్యా కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ శాఖలో తత్త్వశాస్త్రాచార్యుడు. సందిగ్ధాన్ని సహించలేకపోవడం తర్కం చెప్పేవారికి సహజమే కదా!

ఆ నిబంధనావళిని తెరిచి చూస్తే సరళత అన్నమాట మీద కొంత అనుమానం కలుగుతుంది. ‘నక్షత్రం పెడితే ఒత్తి పలికినట్లు’ అని ఒక్క వాక్యంలో పిల్లలకు చెప్పగలిగిన విషయానికి అందులో 17 సూత్రాలు ఉన్నాయి. మొత్తం నిబంధనలకు ఆరువందలకు పైగా ఉదాహరణలు ఇచ్చారు. అంటే సరళత రాసేవారి వైపు ఉన్నది. దాని వెనుక చిక్కునంతా ప్రోగ్రాము రాసేవారు మోస్తున్నారు. ఇందులో తప్పు లేదు. అయితే ఆ 17 సూత్రాలు ఏ భాషను మనసులో పెట్టుకుని రాశారన్నది తెలుగువారు అడగవలసిన ప్రశ్న.

మార్క్‌డౌన్‌లో నక్షత్రానికి బదులు అండర్‌స్కోర్, అంటే కిందిగీత, పెట్టినా ఒత్తి చెప్పినట్లే. ‘మహాభారతం’ అన్న మాటకు ఇరువైపులా కిందిగీత పెట్టి, వెంటనే ‘లో’ చేర్చి రాశారనుకుందాం. 2004 నాటి గ్రూబర్ ప్రోగ్రాములో ఇది చక్కగా పనిచేసేది. కామన్‌మార్క్ నిబంధనల ప్రకారం పనిచేయదు; కిందిగీతలు ఉన్నవి ఉన్నట్లుగా పుట మీద కనబడతాయి. కారణం ఏమిటంటే, ప్రోగ్రాములు రాసేవారు పేర్ల నడుమ కిందిగీతలు విరివిగా వాడతారు. వారి పేర్లు పాడుకాకుండా, మాట నడుమ వచ్చిన కిందిగీతను గుర్తుగా లెక్కించరాదని సూత్రం చేశారు. ఆంగ్లంలో ‘లో’ అన్న అర్థమిచ్చే మాట విడిగా, మాటకు ముందు ఉంటుంది గనుక వారికి నష్టం లేదు. తెలుగులో ‘లో’, ‘కు’, ‘ని’, ‘తో’ అన్నీ మాటకు వెనుక అతుక్కునేవే. యంత్రం దృష్టిలో అక్కడ మాట ఇంకా ముగియలేదు.

నక్షత్రం విషయంలో సూత్రం ఉదారమైనది. మాట నడుమ కూడా అది చెల్లుతుంది. కాని అక్కడా ఒక మెలిక ఉన్నది. మాటను కొటేషన్ గుర్తులలో పెట్టి, వాటికి బయట నక్షత్రాలు పెట్టి, ఆపైన ప్రత్యయం చేరిస్తే మూసే నక్షత్రాలను యంత్రం మూసేవిగా గుర్తించదు. విరామచిహ్నానికీ అక్షరానికీ నడుమ వచ్చిన నక్షత్రం దానికి తెరిచేదిగా తోస్తుంది. అవే నక్షత్రాలను కొటేషన్లకు లోపల పెడితే చిక్కు లేదు. మాటల నడుమ ఖాళీ వదలని చైనా, జపాను భాషలవారికి కూడా ఇదే బాధ. ఇటువంటిచోట తప్పు చేశానేమోనని రాసేవారు బెదిరిపోతారు. వారి రాత తప్పు కాదు. సూత్రకర్తల ఊహకు తెలుగు సంధి ప్రత్యయాలు అందలేదు, అంతే.

2002 ప్రాంతంలో డేవిడ్ గుడ్జర్ రూపొందించిన రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్ అనే పద్ధతి మరొక విధమైనది. పైథాన్ అనే కంప్యూటరు భాష అధికార పత్రాలన్నీ 2008 నుండి ఇందులోనే ఉన్నాయి. వెసులుబాటు విషయంలో ఇది మార్క్‌డౌన్ కన్నా ఎంతో పద్ధతిగలది. కొత్త అవసరం వచ్చినప్పుడల్లా కొత్త గుర్తు కల్పించనక్కరలేదు. రెండు చుక్కలు, ఒక పేరు, ఒక జంట కోలన్ అనే ఒకే అచ్చులో ఏ కొత్త ఆదేశాన్నయినా చేర్చుకోవచ్చును. వ్యాకరణంలో ఒక సూత్రం నేర్చి వేయి రూపాలు సాధించుకున్నట్లుంటుంది. కాని మాట వెనుక ప్రత్యయం చేర్చాలంటే నడుమ ఒక వాలుగీత, ఒక ఖాళీ పెట్టవలసివస్తుంది. సాదా పాఠం చదివేవారి కంటికి అది నలుసు.

అందులో శీర్షికకు గుర్తు దాని కింద గీసే గీత. టైపు మిషను మీద శీర్షిక కొట్టి కింద గీత గీసినట్లే ఉంటుంది గనుక చూడడానికి బాగుంటుంది. గీత శీర్షిక కన్నా పొట్టిగా ఉండరాదని నియమం. ఇక్కడ తెలుగు లిపి మళ్ళీ అడ్డుతగులుతుంది. ‘తెలుగు’ అన్న మాటలో కంటికి కనబడే అక్షరాలు మూడు. కంప్యూటరు లెక్కలో ఆరు; హల్లులు మూడు, గుణింతపు గుర్తులు మూడు. కంటి కొలతతో గీసిన గీత యంత్రానికి పొట్టిదై, అది హెచ్చరిక చేస్తుంది. గీతలతో గళ్ళు గీసి పట్టిక కట్టే పద్ధతి మరీ కష్టం. ప్రతి అక్షరమూ ఒకే వెడల్పు ఉంటుందన్న టైపు మిషను ధర్మం మీద అది నిలబడింది. ‘క్ష్మి’కి, ‘ర’కు ఒకే వెడల్పు ఎలా వస్తుంది? నిలువుగీతతో గళ్ళను వేరుచేసి, వరుస కుదరకపోయినా సరిపెట్టుకునే మార్క్‌డౌన్ చేర్పు పట్టికలే తెలుగుకు అనువైనవి.

పద్యం సంగతి వేరే చెప్పాలి. కందపద్యం నాలుగు పాదాలు నాలుగు పంక్తులుగా టైపు చేస్తే, మార్క్‌డౌన్ వాటిని కలిపి ఒకే పేరాగా మార్చేస్తుంది. పాదం విరగాలంటే పంక్తి చివర రెండు ఖాళీలు వదలాలని గ్రూబర్ నియమం. కంటికి కనబడని గుర్తు! చూడగానే తెలియాలన్న తన సూత్రాన్ని ఆయన ఈ ఒక్కచోట తానే కాదన్నాడు. ఒకరు రాసిన పద్యాన్ని మరొకరు దిద్దుతూ ఆ ఖాళీలు తుడిచివేసినా ఎవరికీ తెలియదు, ముద్రణలో పద్యం వచనమై తేలేదాకా. కామన్‌మార్క్‌లో పంక్తి చివర వాలుగీత పెట్టే వీలు కల్పించారు. రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్‌లో ప్రతి పాదానికి ముందు నిలువుగీత పెడితే పాదాలు చెదరవు. వికీ పుటలలో పద్యానికి ప్రత్యేకమైన ముద్రే ఉన్నది. పద్యం ముందొకటి, వెనుకొకటి పెట్టి, నడుమ పాదాలను సహజంగా రాసుకోవచ్చును. తెలుగు వికీసోర్స్‌లో పద్యకావ్యాలను ఎక్కించినవారు దానినే విరివిగా వాడారు. పద్యసాహిత్యానికి ఇంతకన్నా అనువైన ఏర్పాటు లేదు.

బడిలో నేర్పిన అలవాటు కూడా ఒక్కోసారి చిక్కు తెస్తుంది. పేరా మొదట కొంత జాగా వదలాలని ఉపాధ్యాయులు నేర్పుతారు. నాలుగు ఖాళీలు వదిలి పేరా మొదలుపెడితే మార్క్‌డౌన్ దానిని కంప్యూటరు ప్రోగ్రాముగా భావించి వేరే పెట్టెలో పడవేస్తుంది. పాఠశాల చరిత్ర రాస్తూ సంవత్సరపు అంకె, చుక్క, ఒక ఖాళీ పెట్టి పేరా ఎత్తుకుంటే, అది జాబితాలో అంశమైపోతుంది.

వెసులుబాటు అదుపు తప్పితే ఏమవుతుందో వికీపీడియా రాతే చెబుతుంది. రెండు అపాస్ట్రఫీలు, కొన్ని బ్రాకెట్లతో మొదలైన పద్ధతిలోకి మూసలు వచ్చాయి. మూసలలోకి షరతులు, లెక్కలు వచ్చాయి. 2013లో లువా అనే పూర్తి ప్రోగ్రామింగు భాషే వచ్చి చేరింది. ప్రతి చేర్పుకూ న్యాయమైన కారణం ఉన్నది. కాని నేడు ఒక పెద్ద వ్యాసాన్ని దిద్దబోయిన కొత్తవారికి మొదటి తెర నిండా మూసల పరామితులే కనబడి, వాక్యం ఎక్కడున్నదో వెతుక్కోవలసివస్తున్నది. గుర్తులు కనబడకుండా దిద్దే సాధనాన్ని అదే 2013లో అనేక భాషల వికీపీడియాలలో ప్రవేశపెట్టవలసివచ్చింది. గుర్తుల నుండి తప్పించడానికి సాధనం కావలసివచ్చిందంటే, ఆ గుర్తులు తేలికవన్న పేరు పోగొట్టుకున్నాయన్నమాటే.

మెక్‌ఫార్లేన్ ఈ అనుభవాలన్నీ దృష్టిలో ఉంచుకుని 2022లో జాట్ అనే కొత్త పద్ధతిని ప్రకటించాడు. అందులో ఒత్తి చెప్పే గుర్తుల నియమం పొట్టిది. తెరిచే గుర్తుకు వెంటనే ఖాళీ ఉండరాదు, మూసే గుర్తుకు ముందు ఖాళీ ఉండరాదు. సందేహం వచ్చినచోట మీసాల బ్రాకెట్టు చేర్చి ఇది తెరిచేదే, ఇది మూసేదే అని తేల్చిచెప్పవచ్చును. దీనిలో ‘మహాభారతం’ వెనుక ‘లో’ చేర్చడానికి ఏ అడ్డూ లేదు. తెలుగును ఉద్దేశించి చేసినది కాకపోయినా, సూత్రం పొట్టిదైనకొద్దీ అది ఎక్కువ భాషలకు సరిపడుతుందని దీనివల్ల తెలుస్తున్నది. ఇంకా మార్క్‌డౌన్ అంత ప్రచారం దీనికి రాలేదు.

ఇదంతా పాఠశాల ఉత్సవంలో చెప్పడానికి కారణం లేకపోలేదు. 1990లలో కంప్యూటరు మీద కూర్చిన తెలుగు సంచికలలో అధికభాగం ఆయా ఫాంట్ల సొంత సంకేతాలలో ఉన్నాయి. ఆ ఫాంటు లేని యంత్రంలో అటువంటి ఫైలు తెరిస్తే తెలుగు కనబడదు. అర్థంలేని ఆంగ్లాక్షరాలు, చిహ్నాలు బారులు తీరి కనబడతాయి. అచ్చుప్రతి చేజారితే పాఠం చేజారినట్లే. కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ సీమలలో తరతరాలుగా స్థిరపడిన తెలుగువారికి ఇటువంటి సంచికలే ఊరి చరిత్ర, ఉపాధ్యాయుల జీవితాలు, స్థానిక కవుల పద్యాలు భద్రపరచిన పెట్టెలు. వాటికి రెండవ ప్రతి మరొకచోట దొరకడం అరుదు. యూనికోడ్ తెలుగులో, సాదా పాఠంగా, నాలుగైదు గుర్తులతో రాసిన ఫైలుకు ఆ భయం తక్కువ. మార్క్‌డౌన్ పేరు మరుగునపడిన రోజున కూడా శీర్షిక ముందున్న హాష్ గుర్తును చూసినవారు అది శీర్షికేనని ఊహించుకోగలరు. అక్షరం మాత్రం అక్షరంగానే ఉంటుంది. మెక్‌ఫార్లేన్ 2006లో వెలువరించిన పాన్‌డాక్ అనే ఉచిత ప్రోగ్రాము అదే ఫైలునుండి వెబ్ పుటను, వర్డ్ ఫైలును, ముద్రణకు టెక్ ప్రతిని తయారుచేయగలదు.

అటువంటి సంచికకు నిజంగా కావలసినవి శీర్షిక, పేరా, ఒత్తి చెప్పే మాట, పద్యపాదం, చిన్న జాబితా, ఛాయాచిత్రం కింద ఒక వాక్యం. పట్టిక ఒకటో రెండో, పూర్వ ప్రధానోపాధ్యాయుల వరుస కోసం. రాసి పంపేవారికి ఒక అరపుట సూచన ముందుగా ఇస్తే చాలును. ఒత్తి చెప్పడానికి నక్షత్రమే వాడాలి, కిందిగీత వద్దు. కొటేషన్లుంటే నక్షత్రాలు లోపల, ప్రత్యయం అన్నిటికీ బయట. పద్యపాదం చివర వాలుగీత, నాలుగవ పాదానికి అక్కరలేదు. పేరా మొదట ఖాళీలు వదలరాదు. సంవత్సరంతో పేరా మొదలైతే అంకె వెనుక చుక్క పెట్టకుండా ‘లో’ చేర్చి వాక్యం నడిపించాలి. వాలు అక్షరాలు తెలుగు లిపికి అంతగా నప్పవు గనుక ఒత్తి చెప్పిన మాటలను లావు అక్షరాలలో చూపాలో, రంగులో చూపాలో పుట కూర్చేవారు ఒక్కచోట నిర్ణయించుకుంటే సంచిక అంతటా అదే వస్తుంది. రాసినవారు మళ్ళీ దేనినీ ముట్టుకోనక్కరలేదు.